తూకం తగ్గిన కట్టెలు

రాములవారి దయవల్ల చల్లగా ఉండండి నాయనా, వినండి! కోట వంటశాలకు కట్టెలు కొట్టే పైడన్న పచ్చి తుమ్మ మొద్దులు చీల్చి, గాలాడేలా పేర్చాడు. వేసవి దాటాక దివాను తూయిస్తే నూరు మణుగులు డెబ్బై అయ్యాయి.

"దొంగా! నీకు కొరడా దెబ్బలే!"

"దొరా, ఒక్క పచ్చి మొద్దు తూచి, చీల్చి, తమ గదిలోనే పెట్టుకోండి. నెల తర్వాత కొట్టండి."

దివాను గదికి తాళం వేసి తాళంచెవి మొలకు కట్టుకున్నాడు. నెలకు తూస్తే అయిదు వీశెలు తక్కువ! తక్కెడ మార్చాడు, రాళ్లు మార్చాడు, మంచం కింద వెతికాడు. చీలికలన్నీ ఉన్నాయి, బరువేది? ఎవరొచ్చారు? ఎలా వచ్చారు? బుర్ర తిరిగిపోయింది.

"పచ్చి కట్టెలోని నీళ్లను గాలి తాగింది దొరా," అన్నాడు పైడన్న. "కొరడా గాలికా, తాళంచెవి ఉన్నవారికా?"

దివాను కొరడాను మళ్లీ గోడకు తగిలించాడు.