దాలమ్మకి తెలిసిందా

చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు. ఈ కథ చెప్పినవాళ్ళది కాదు, విన్నదానిది. అందుకని లోకువ చెయ్యకుండా వినండి.

అనగనగా ఒక గెడ్డ, మా వైపు ఏటిని అలాగే అంటారు. గెడ్డకి ఇవతల గెడ్డవలస అనే ఊరు, అవతల హైస్కూలు. ఎప్పుడంటారా, ఆ గెడ్డ మీద వంతెన లేనప్పుడు. అంతకంటే నన్నడక్కండి.

ఆ గెడ్డలో పడవ నడిపేది దాలమ్మ. మొగుడు పోయాక గడకర్ర ఆవిడ చేతికొచ్చింది. సంతకెళ్ళేవాళ్ళ దగ్గర దాటించినందుకు కేవు డబ్బులు తీసుకునేది గానీ, బళ్ళోకెళ్ళే పిల్లల దగ్గర తీసుకునేది కాదు. ఊరికే దాటించేదా అంటే అదీ కాదు. నడిగెడ్డకి రాగానే గడకర్ర అడుక్కి దిగేసి పడవ నిలబెట్టేసేది.

"నిన్న బళ్ళో ఏటి సెప్పినారు? నాకు తెలిసీలాగ సెప్పండి" అనేది.

ఎవరో ఒకరు చెప్పాలి. "తెలిసింది" అంటే పడవ కదులుతుంది. "తెల్లేదు" అంటే మళ్ళీ మొదట్నుంచి. ఆవిడ అబద్ధమాడదు, మొహమాటపడదు. తెలిసేదాకా పడవ ఒడ్డు తగలదు.

పిల్లలేం తక్కువవాళ్ళా? రాజులు కొట్టుకున్న పాఠమే చెప్పేవారు. కొట్లాట కదా, దాలమ్మకి చప్పున తెలిసిపోయేది. ఇంగ్లీషు జోలికి పోయేవారు కాదు. లెక్కల పేరైతే ఎత్తేవారే కాదు.

ఆ పడవలో పదో తరగతి పిల్ల ఒకతె ఉండేది, నీలవేణి. మూణ్ణెల్ల పరీక్షలో ఇంగ్లీషు పోయింది, లెక్కలు పోయాయి. వాళ్ళ నాన్న సన్నాసి చెడ్డవాడేం కాదు. కానీ ఒకటే మాటన్నాడు.

"ఆర్నెల్ల పరీచ్చలో ఆ రెండూ పాసైతే సదువుకో. నేకపోతే మీయమ్మతో జీడిబట్టీకి ఎల్లిపో."

నీలవేణి అమ్మ చేతుల వంక చూసింది. జీడిపిక్కలు కొట్టీ కొట్టీ వేళ్ళు నల్లగా కమిలిపోయి ఉన్నాయి.

దసరా సెలవులయ్యాక పడవెక్కితే దాలమ్మ మొహం చూసి అడిగింది. "ఏటే నీలా, ఏడ్సినట్టున్నావు?"

నీలవేణి ఉన్నదంతా చెప్పేసింది.

"అలాగైతే ఇంక నాకు రాజులొద్దు" అంది దాలమ్మ. "ఇంగ్లీసు సెప్పండి, నెక్కలు సెప్పండి. నాకు తెలిసీలాగ సెప్పండి."

పిల్లలు గబగబా గైడు తీశారు.

ముందు ఇంగ్లీషు. గైడులో 'మా ఊరు' అని ఒక వ్యాసముంది. పిల్లలంతా దాన్ని బట్టీ పట్టారు. నీలవేణి లేచి నిలబడి గడగడా అప్పజెప్పింది.

"బాగుందే. ఏటంతన్నావు?"

"మా ఊళ్ళో రైలు స్టేషనుంది పెద్దమ్మా. పెద్ద పార్కుంది. సాయంత్రం అందరూ పార్కులో షికారు చేస్తారు."

దాలమ్మ వెనక్కి తిరిగి గెడ్డవలస కేసి చూసింది. తాటిచెట్లున్నాయి, గేదెలున్నాయి. "తెల్లేదు" అంది. "అది ఎవలూరే?"

పడవంతా గొల్లుమంది. నవ్వు ఆగాక, సొంత ఊరి గురించి ఇంగ్లీషులో ఒక్క ముక్క చెప్పలేని సంగతి అప్పుడు తెలిసింది వాళ్ళకి. సరే, మొదలెట్టారు. ఒకడు గెడ్డన్నాడు, ఒకతె పడవంది, ఇంకొకడు దాలమ్మ కోపిష్టిదన్నాడు. వంకరో టింకరో, సొంత మాటలు. చెప్పిన ప్రతి మాటకీ ఆవిడ అర్థమడిగింది. తప్పులు ఇంటికెళ్ళి వెతుక్కున్నారు, మర్నాడు దిద్ది చెప్పారు. రోజుకి నాలుగు మాటలు పెరిగాయి. పడవెక్కడానికి పిల్లలు పరిగెత్తుకొచ్చేవారు.

తర్వాత లెక్కలు. అక్కడ దొరికిపోయారు.

"మైనస్సుని మైనస్సుతో హెచ్చవేస్తే ప్లస్సు" అంది నీలవేణి.

"ఎందుకంటా?"

"మాస్టారు చెప్పారు."

"మేస్టారు సెప్పినారని నువ్వు సెప్తన్నావు. నాకు తెలిసీలాగ సెప్పు."

ఒక రోజు చెప్పారు. తెల్లేదు. అవతల గంట కొట్టేశారు. రెండో రోజు చెప్పారు. తెల్లేదు. ఆలస్యమైనందుకు పట్నాయక్ మాస్టారు అందర్నీ ఎండలో నిలబెట్టారు. మూడో రోజు ఆయనే బెత్తం పుచ్చుకుని అవతలొడ్డుకి వచ్చి నిలబడ్డారు. ఇంగ్లీషూ లెక్కలూ రెండూ చెప్పేది ఆయనే.

మాస్టార్ని చూసి పిల్లలు పడవ పోనిమ్మని బతిమాలారు. దాలమ్మ మాత్రం గడకర్ర తియ్యలేదు. నీలవేణికి ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. "వెనక్కి తిప్పెయ్ పెద్దమ్మా, ఇంటికి పోదాం" అంది.

దాలమ్మ పడవ తిప్పింది. ముక్కు ఇంటివైపు తిరిగింది. ఎదురుగా ఒడ్డున జీడిబట్టీ పొగ కనపడింది.

"వద్దు, మళ్ళీ తిప్పు" అంది నీలవేణి.

దాలమ్మ మళ్ళీ తిప్పింది. ముక్కు బడివైపు తిరిగింది.

నీలవేణి పడవలో లేచి నిలబడిపోయింది. "పెద్దమ్మా, మైనస్సంటే వెనక్కి తిరగమనడమే. ఒకసారి తిరిగితే ఇంటివైపు. మళ్ళీ తిరిగితే బడివైపు. రెండుసార్లు తిరిగితే మొదట ఎటున్నామో అటే."

దాలమ్మ ఆలోచించింది. పడవని తనే ఒకసారి తిప్పి చూసుకుంది. ఇంకోసారి తిప్పి చూసుకుంది. "తెలిసింది" అంది.

ఎగిరి గంతేశారు పిల్లలు. పడవ తిరగబడాల్సిందే, గెడ్డమ్మ తల్లి కాచింది. ఒడ్డు నుంచి అంతా విన్న మాస్టారు చేతిలో బెత్తం సంగతి మర్చిపోయారు. ఆయనకి నవ్వొచ్చింది. ఆ మర్నాటి నుంచి పడవ ఒడ్డు చేరాకే బళ్ళో గంట కొట్టించేవారు.

అలా ఆర్నెల్ల పరీక్షలు వచ్చేశాయి. ఆ వేళ పొద్దున్న రేవులో దాలమ్మ లేదు. జ్వరంతో పడుకుందట. ఆవిడ తమ్ముడు అప్పన్న గడకర్ర పట్టుకున్నాడు. అతను ఆపడు, అడగడు. పడవ నడిగెడ్డ దాటిపోతోంది.

"మావయ్యా, ఆపు" అంది నీలవేణి.

"పరీచ్చకి టైమైపోద్దే."

"పైకి చెప్పకపోతే నాకు తెలిసిందో లేదో నాకే తెలీదు మావయ్యా. ఆపు."

అప్పన్న ఆపాడు. దాలమ్మ నిలబడే చోటు ఖాళీగా ఉంది. నీలవేణి ఆ ఖాళీకేసి తిరిగి పాఠం చెప్పింది. మిగతా పిల్లలూ చెప్పారు. అప్పుడు ఒడ్డు చేరి దిగారు.

ఇంగ్లీషు పరీక్షలో మీరు చేసిన ప్రయాణం గురించి రాయమన్నారు. గైడు చదివినవాళ్ళు దూలాలు లెక్కపెట్టారు. పడవ పిల్లల కలాలు ఆగలేదు. లెక్కల పరీక్షలో నీలవేణికి అడుగడుక్కీ చెవిలో "తెల్లేదు" అని వినపడింది. వినపడ్డ చోటల్లా వెనక్కెళ్ళి సరిచూసుకుంది.

మార్కులు చదివిన రోజు మాస్టారు నీలవేణి పేరు దగ్గర ఆగి కళ్ళజోడు తుడుచుకున్నారు. ఇంగ్లీషు పాసు. లెక్కల్లో క్లాసుకే మొదటిది.

ఆ పిల్ల ఇంటికెళ్ళలేదు. రేవు నుంచి ఒకటే పరుగు, దాలమ్మ గుడిసెకి. దాలమ్మ నులక మంచం మీద చిక్కి సగమై ఉంది.

"పాసయ్యాను పెద్దమ్మా. రెండూ పాసే."

"ఎలాగ పాసైనావు? నాకు తెలిసీలాగ సెప్పు."

నీలవేణి నవ్వుతూ ఏడుస్తూ పేపరు పేపరంతా చెప్పింది. అంతా అయ్యాక అడిగింది. "నీకెందుకు పెద్దమ్మా ఇవన్నీ?"

"ఇంతమందిని దాటించినాను గదే. మీరు దిగి లోపలికి ఎల్లిపోతారు. అక్కడేటుందో నాకేటి తెలుస్తాది? మీరు సెప్తే నానూ మీతో దిగినట్టుంతాది." పిల్ల తల నిమిరి, "ఇప్పుడు తెలిసింది" అంది.

గెడ్డకి మళ్ళీ కొత్తనీరు రాకముందే దాలమ్మ పోయింది. పాడె మోసినవాళ్ళలో సన్నాసి ఉన్నాడు. కూతుర్ని మరి బట్టీ పేరెత్తి బెదిరించలేదు. నీలవేణి చదివింది, చదివి ఆ బళ్ళోనే లెక్కల టీచరైంది.

ఇప్పుడు గెడ్డ మీద వంతెనుంది. అయినా ఆ ఊళ్ళో ఎవరైనా పాఠం వచ్చేసిందంటే పెద్దవాళ్ళు ఒకటే అడుగుతారు, "దాలమ్మకి తెలిసిందా?" అని. పరీక్ష రోజు పొద్దున్న పిల్లలు బస్సు దిగి, వంతెన మధ్యలో నిలబడి, కిందున్న నీళ్ళకి ఒక పాఠం గట్టిగా చెబుతారు. చెప్పడం అయ్యేదాకా బస్సు కదలదు. హారను కొట్టరేమని పైఊరివాళ్ళు విసుక్కుంటే డ్రైవరు ఇంజను ఆపేసి, "ఆవిడకింకా తెల్లేదండి, కాసేపు కూర్చోండి" అంటాడు.