కుక్కను సాక్ష్యం అడిగిన ఊరు

అనగనగనగా గుట్టల నడుమ ఒక ఊరు. ఇటు తిరిగి పడుకో నా తల్లీ, ఆ దుప్పటి కాళ్ళ మీదికి లాక్కో. ఊఁ కొడుతూ ఉండాలి, లేకపోతే నేనే ముందు నిద్రపోతా.

ఆ ఊళ్ళో ఈరక్క అని ఒక ముసలామె. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. ఒక గొర్రెల మంద, జున్ను అనే ఒక కుక్క, అంతే ఆమె సంసారం. మోకాళ్ళ నొప్పులతో గుట్ట ఎక్కలేకపోయేది. కిందే కూర్చుని ఈల వేస్తే, జున్ను గుట్టెక్కి మందను తిప్పుకొచ్చేది. గుట్ట మీద తోడేళ్ళున్నా సరే, ఒక్క గొర్రెపిల్ల పోలేదు. సాయంత్రం సంగటి కెలికితే తొలి ముద్ద జున్నుకే.

అదే ఊళ్ళో ఓబులేసు అని మిరపతోట రైతు. వాడి కుక్క పేరు పులిగాడు. కుక్కకు కారం ముద్ద పెడితే పౌరుషం వస్తుందని వాడికెవరో చెప్పారట. ఎవరో ఏంటి, వాడి బుర్రే చెప్పి ఉంటుంది! రోజూ పచ్చిమిరపకాయలు నూరి అన్నంలో కలిపి పెట్టేవాడు. నోరు మండి, కడుపు మండి, పాపం ఆ మూగజీవం కనబడిన దాని మీదికల్లా ఎగబడేది. పైగా సాయంత్రమైతే వాడు గొలుసు విప్పి, వీధిలోకి వదిలి, "ఉస్కో" అనేవాడు. ఊరంతా భయపడుతుంటే మీసం తిప్పుకోవడం వాడికో సంబరం.

అప్పుడు ఏమైందంటే, పులిగాడు కుమ్మరోళ్ళ కుక్క చెవి కొరికేసింది. కుమ్మరి వెళ్ళి అడిగితే, "కుక్కలన్నాక కరుచుకోవా? దానికి మనుషుల్లో పంచాయితీనా?" అన్నాడు ఓబులేసు.

ఆ తర్వాత గాజులమ్ముకునే మస్తానమ్మ కుక్క వీపు చీరేసింది. ఆమె వెళ్ళి అడిగితే, "నీ కుక్కను నువ్వు ఇంట్లో పెట్టుకో పో" అన్నాడు. చూడు ఎంత పొగరో!

ఆ తర్వాత జున్ను వంతు వచ్చింది. మందను దొడ్డికి తోలుకొస్తుంటే పులిగాడు మీద పడింది. పరుగెత్తి ఉంటే జున్ను తప్పించుకునేదే. కానీ వెనకాల గొర్రెపిల్లలున్నాయి కదా, కదల్లేదు. దాని వెనక కాలు చీలిపోయింది.

ఈరక్క కొంగు చించి కట్టు కట్టింది. జున్నును ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. రేపటి నుంచి మందను గుట్టకు ఎవరు తోలాలి? తోలకపోతే గొర్రెలకు మేత లేదు. తోలితే తోడేళ్ళు వదలవు. మందే పోతే ఇంక ఆమెకు బతుకేముంది?

ఊరంతా చావడి దగ్గర చేరింది. ఓబులేసు వచ్చి చేతులు దులిపేసుకున్నాడు.

"కరిచింది నేనా? నన్నడుగుతారేంది, పోయి దాన్నే అడగండి. కావాలంటే కొట్టి చంపుకోండి, నాకేం!"

అనగానే నలుగురు కర్రలు తీశారు.

చంపేశారా అని అడగకు, చెప్తున్నా కదా. ఊరిపెద్ద సుంకన్న లేచి అడ్డం నిలబడ్డాడు. "మంచిమాట చెప్పినావు ఓబులేసూ. దాన్నే అడుగుదాం, తోలుకొని రా" అన్నాడు. జనం ముక్కున వేలేసుకున్నారు.

పులిగాడిని చావడి ముందు కూర్చోబెట్టారు. "నీకు కారం ముద్ద ఎవరు పెట్టినారు?" అన్నాడు సుంకన్న. కుక్కకేం తెలుస్తుంది? అది ఓబులేసు మొహం చూసింది. "గొలుసు ఎవరు విప్పినారు?" మళ్ళీ ఓబులేసు మొహమే చూసింది.

"మరి ఉస్కో అన్నదెవరు?"

ఉస్కో అన్న మాట చెవిన పడగానే పులిగాడు చటుక్కున లేచింది. ఓబులేసు వైపు తిరిగి, ఇప్పుడు ఎవరి మీద పడాలి అన్నట్టు తోక ఊపింది. నాకైతే ఆ కుక్క మీద కోపం రాదమ్మా, ఏడుపొస్తుంది.

ఓబులేసు తల దించేశాడు.

"సాక్షి చెప్పేసింది" అన్నాడు సుంకన్న. "అది నువ్వు నేర్పిందే చేసింది. కాబట్టి కరిచింది నువ్వే. జున్ను బాగా నడిచేదాకా జున్ను పని నీదే. ఈరక్క ఈల వేస్తే నువ్వు గుట్టెక్కాల."

అప్పుడు చూడాలి తమాషా! ఈరక్క ఈల వేస్తే ఓబులేసు ఉరుకుడే ఉరుకుడు. పంచె ముళ్ళకు చిరిగింది. గొర్రెలు వాడి మాట వింటేనా! ఒకనాడు తోడేలు ఎదురైతే గొంతు పోయేలా అరిచి తరిమాడు. కిందికొచ్చి జున్ను పక్కన కూలబడ్డాడు. ఈ చిన్న ప్రాణి రోజూ ఇంత పని చేసేదా అనుకున్నాడు.

సాయంత్రాలు వేపాకు నీళ్ళతో జున్ను పుండు కడిగి పసుపు పెట్టేవాడు. మొదట్లో జున్ను వాడిని చూసి గుర్రుమనేది. ఆ తర్వాత ఊరుకుంది. ఆ తర్వాత ఒకరోజు వాడి చెయ్యి నాకింది. ఇంటికెళ్ళి ఓబులేసు పులిగాడికి మజ్జిగన్నం కలిపి పెట్టాడు, పక్కనే కూర్చుని తినిపించాడు. గొలుసు లేకుండా దాన్ని మళ్ళీ గడప దాటనివ్వలేదు.

కొన్నాళ్ళకు జున్ను లేచి నడిచింది. ఈరక్క సంతోషం పట్టలేకపోయింది.

"నడుస్తాంది కదప్పా! నీ శిక్ష తీరిపోయింది. ఇంక ఇంటికి పో."

ఓబులేసు కిందికి వంగి జున్ను కాలు చూశాడు.

"యాడ నడుస్తాంది అక్కా? కుంటుతాంది."

"ఆ కుంటు ఇంక పోయేది కాదులేప్పా."

"పోదని నాకూ తెలుసు" అన్నాడు ఓబులేసు. కర్ర తీసుకుని, జున్ను కంటే ముందు గుట్టెక్కాడు.

మంద చేరె దొడ్డికి,
జున్ను చేరె ఒడికి,
కథ చేరె కంచికి,
నిద్ర చేరె కంటికి.