నాలుగు వరుసలు తక్కువ

నల్లకొండ అడవి అంచున మనుషులు వదిలేసిపోయిన పరిశోధన కేంద్రం ఒకటుండేది. అందులోని పాత కంప్యూటర్ ముందు, నోట పుల్ల కరచుకుని మీటలు నొక్కిన రోజులు తలపుకొస్తే ముసలి ఎద్దు వీరన్నకు ఇప్పటికీ నెమరు ఆగిపోతుంది.

చదువు చెప్పింది తాబేలు చిట్టెమ్మ. ఎవరికెంత జ్ఞాపకముంటుంది, ఎందుకు మరిచిపోతారు అన్నది ఆవిడ పరిశోధన. ప్రోగ్రాం రాయడం నేర్చుకోవడానికి వీరన్నకు వానాకాలమంతా పట్టింది. ఒక్క చుక్క తప్పినా తెర ఎర్రబడేది.

"నా బుర్రకిది ఎక్కదు టీచరమ్మా."

"ఎక్కేదాకా నొక్కు. నాకేం తొందర? తాబేలునిరా నేను."

ఆ ఏడే నక్క జంబన్న ఒక వేరు పట్టుకొచ్చాడు. "ఇది తింటే పిల్లలు చదివింది మరిచిపోరు. రోజూ నా గుహకు తిండి పంపండి, వేరు పంచుతా."

తల్లులు బుట్టలు నింపేశారు. చిట్టెమ్మ ఆపింది. "ముందు పరీక్షిద్దాం."

ఇరవై జంతువుల్లో పదింటికి వేరు, పదింటికి అదే రుచి ఉన్న దుంప పెట్టారు. ఎవరు ఏది తిన్నదీ వాళ్లకు తెలియదు. వీరన్న ప్రోగ్రాం తెర మీద పది బొమ్మలు చూపి, ఎవరు ఏది తిన్నారో, ఎవరికెన్ని గుర్తున్నాయో ఒక్కొక్కరికి ఒక్కో వరుస రాసుకుంది. చిట్టెమ్మ దానికి నకలు దాచింది. తర్వాత అందరూ నీళ్లకు వెళ్లారు. జంబన్న మాత్రం కాపలా ఉంటానన్నాడు.

తిరిగొచ్చాక, సగటు తీసేముందు వీరన్న అలవాటుగా వరుసలు లెక్కపెట్టించాడు.

"ఇరవై ఉండాలి. పదహారే ఉన్నాయి!"

"ఎద్దు రాసిన ప్రోగ్రాం కదా మరి," జంబన్న నవ్వాడు. అందరూ నవ్వారు. తప్పు తనదేనేమోనని వీరన్న చెవులు వాల్చేశాడు.

"పేర్లు చదవరా," అంది చిట్టెమ్మ.

చదివాడు. కుందేలు లేచింది. "నా పేరేదీ? నాకు రెండు బొమ్మలే గుర్తొచ్చాయిగా!"

"నాకు ఒక్కటే!" అంది ముంగిస. ఉడుత, అడవిపంది కూడా లేచాయి. నలుగురూ వేరు తిన్నవాళ్లే.

వీరన్న నకలు తెరిచాడు. ఇరవై వరుసలూ ఉన్నాయి. సగటు తీస్తే వేరుకీ దుంపకీ తేడా లేదు. అందరి చూపూ కాపలాదారు మీదికి తిరిగింది. జంబన్న తోక ముడిచి పరుగెత్తాడు.

"జంబన్న బావా, నీ జ్ఞాపకశక్తి వేర్ల సంచి మరిచిపోయావ్!" కుందేలు అరిచింది.

ఆ సాయంత్రం చిట్టెమ్మ, "ఇక నువ్వే చెప్పరా పాఠాలు," అంది. ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. ఆ గొంతు మాత్రం వీరన్న మరిచిపోలేదు.

నీతి: నచ్చని జవాబులు చెరిపేసిన చోట నిజం నిలవదు.