నక్క పెట్టిన అలసంద వడల విందు

ఆఫ్రికాలో గడ్డి మైదానం అయిపోయి ఇసుక మొదలయ్యే చోట జంతువులన్నీ అలసంద పండించుకుని బతికేవి. మాంసం తినేవాళ్లకు అలసందలెందుకు అని అడక్కండి. కరువొస్తే సింహం కూడా వడలు తింటుంది.

అక్కడ లాదీ అనే గాడిదకు ఒక చేను ఉండేది. పూత బాగానే వచ్చేది, పిందె బాగానే పడేది. కాయ గట్టిపడే వేళకు పురుగు లోపలికి దూరి గింజలు తాను తిని, పొట్టు లాదీకి వదిలేది. ఆమె మందు డబ్బా వీపుకెత్తుకుని పంటకు ఏడుసార్లు కొట్టేది. పురుగు చావలేదు గానీ ఆమెకు దగ్గు పట్టుకుంది. రెండేళ్లుగా గాదె సగం కూడా నిండలేదు. ఈసారి కూడా పంట పోతే చేను వదిలేసి ఎక్కడో బరువులు మోసుకోవాల్సిందే.

అలాంటి సమయంలో బేగువా పంతులు చల్లని కబురు తెచ్చాడు. బేగువా ఏదుపంది. ఒంటి మీద ముళ్లెన్ని ఉన్నాయో బుర్రలో అంత చదువు. పన్నెండేళ్లు కష్టపడి, ఆ పురుగు కొరకలేని అలసంద విత్తనం తయారు చేశాడు. అతని మడిలో కాయ విప్పి లాదీ కళ్లారా చూసింది, ఈ చివర నుంచి ఆ చివర దాకా గింజలే. కానీ సభ ఒప్పుకోనిదే ఆ గింజ మడి దాటకూడదని కట్టుబాటు.

సభకు పెద్ద గివా అనే ఏనుగు. బేగువా పొద్దున్నే సభలో లేచి నిలబడి తన విత్తనం గురించి జన్యువుల దగ్గర మొదలుపెట్టాడు. మధ్యాహ్నానికి మట్టిలోని బ్యాక్టీరియా దాకా వచ్చాడు. నీటిగుర్రం గురక పెట్టింది. చెవిటివాడి ముందు శంఖం ఊదడం ఎలా ఉంటుందో లాదీకి ఆ రోజే అర్థమైంది.

చివరికి గివా అడిగాడు. "పంతులూ, ఒక్క మాటలో చెప్పు. ఇది తింటే ఏమన్నా అవుతుందా, అవదా?"

"ఇంతవరకు జరిగిన పరీక్షల్లో, ఆ పరీక్షల పరిధి మేరకు, హాని ఉన్నట్టు ఆధారాలేవీ కనబడలేదు."

గివా పక్కనున్న జిరాఫీ వైపు వంగాడు. "అంటే అవుతుందనా?"

కోతి బిరి అప్పుడు లేచాడు. తన మాట పదిమంది వినకపోతే అన్నం సయించని రకం. "తిన్నవాళ్ల తోకలు రాలిపోతాయట. నేను విన్నాను, చెబుతున్నాను. ఆపైన మీ ఇష్టం."

అంతే, సభంతా తోకలు తడుముకుంది. సంగతి మరో సభకు వాయిదా పడింది.

దిగాలుపడిన బేగువా దగ్గరికి దీలా వచ్చాడు. దీలా నక్క. గొర్రెను తోడేలుకు పిల్లనివ్వడానికి ఒప్పించాడని పేరు. "పంతులూ, నీ చదువు గొప్పదే గానీ నోరు చెడ్డది. ఒప్పించే పని నాకొదిలెయ్. సభకు విందు పెడదాం. నీ మడిలో గింజలతో వడలు. తిన్నాక చెబుదాం."

"చెప్పకుండా పెట్టడమా?" అన్నాడు బేగువా.

"చెబితే తింటారా? పసిపిల్లకు మందు బెల్లంలో పెట్టి ఇవ్వమూ?"

రుబ్బే పని లాదీకి అప్పజెప్పారు. ఆమె నసిగింది. "దీలాగారూ, చెప్పే పెడదామండీ. కావాలంటే నలుగురిలో ముందు నేను తింటాను."

"గాడిద తింటే ఎవరు నమ్ముతారమ్మా? నీకు విత్తనం కావాలా, వద్దా?"

విత్తనం కావాలి. లాదీ పప్పు నానబోసి, పొట్టు తీసి, ఉల్లిపాయ, మిరపకాయ వేసి రుబ్బింది. తప్పు చేస్తున్నానని ఆమెకు తెలుసు. గాదె గుర్తొచ్చి తెలియనట్టే ఉండిపోయింది.

విందు మహా జోరుగా సాగింది. గివా వడలు లెక్కపెట్టడం మానేశాడు. బిరి తిన్నవి తిని, బుగ్గల్లో మరో నాలుగు దాచుకున్నాడు. అందరూ త్రేన్చాక దీలా మధ్యలోకి వచ్చి నిలబడ్డాడు.

"పెద్దలారా, ఇప్పుడు మీరు తిన్నవి ఆ కొత్త గింజలే. ఒకసారి తోకలు చూసుకోండి. ఉన్నాయా?"

అందరూ చూసుకున్నారు. అందరికీ ఉన్నాయి. చప్పట్ల కోసం దీలా కాసేపు ఆగాడు. ఎవరూ కొట్టలేదు. నీటిగుర్రం పొట్ట పట్టుకుని పక్కకు ఒరిగింది. అది చూసి జిరాఫీకి కళ్లు తిరిగాయి.

"మంచి గింజే అయితే ఎందుకు దాచావు?" అన్నాడు గివా.

దీలా మళ్లీ తోకల సంగతే ఎత్తబోయాడు.

గివా లాదీ వైపు తిరిగాడు. "వండింది నువ్వేగా. నీకు తెలుసా?"

"తెలుసు, పెద్దయ్యా."

"నువ్వు తిన్నావా?"

"తిన్నాను. ఉప్పు చూడ్డానికి రెండు, ఆశకొద్దీ నాలుగు. మీకు చెప్పి, మీ ముందే తింటానన్నాను. గాడిద మాట ఎవరు నమ్ముతారన్నారు."

గివా తన ముందున్న వడల ఆకును తొండంతో పక్కకు నెట్టాడు. "ఏడుసార్లు మందు కొట్టి దగ్గుతున్నదానివి నువ్వు. ఈ పంతులు చెప్పింది నాకు ముక్క అర్థం కాలేదు. నువ్వు చెప్పి తినుంటే నీ పక్కనే కూర్చుని నేనూ తినేవాణ్ని. ఇప్పుడు నేను తిని కూడా తినమని ఎవరికీ చెప్పలేను."

లాదీకి ఏడుపొచ్చింది. బేగువా మడికి కంచె వేశారు. అయిదు వానాకాలాల పాటు ఆలోచించడానికి ఒక కమిటీ వేశారు, దానికి బిరిని పెద్దను చేశారు.

పోతూ పోతూ బిరి దీలా భుజం తట్టాడు. "తోకల మాట నేనే నమ్మలేదు తమ్ముడూ. రేపో మాపో రాలతాయని నీ పుణ్యాన ఇవాళ ఊరంతా నమ్మింది." నోట్లో వడ నములుతూనే అన్నాడు.

ఆ ఏడు కూడా లాదీ చేలో కాయ గట్టిపడే వేళకు పురుగు వచ్చింది. దానికి ఏ సభ అనుమతీ అక్కర్లేదు.

నీతి: చెప్పకుండా పెడితే అమృతం కూడా అరగదు.