నక్కగారి నాజూకు కెర్నల్

ఆ ఏడు ఎండలకి ఎర్రమెట్ట అడవిలో వాగులన్నీ ఎండిపోయి ఒకే ఒక్క మడుగు మిగిలింది. పులి దగ్గర్నించి కుందేలు దాకా అందరికీ అదే దిక్కు. అందరూ ఒకేసారి దిగితే నీళ్లు తాగేదెవరో, ఆ నీళ్లతో పాటు నోట్లోకి పోయేదెవరో వేరే చెప్పక్కర్లేదు. అందుకని పెద్దలు కూర్చుని వంతులు పెట్టుకున్నారు. ఎవరి వంతు ఎప్పుడో ఒక కంప్యూటర్ తేలుస్తుంది. వరస రోజూ మారుస్తుంది. వంతు రాగానే గట్టు మీది గంట మోగిస్తుంది. దుప్పులకి రెండు గంటలు, అడవిదున్నలకి మూడు, పులికి ఐదు. వరస ముందుగా తెలియదు కాబట్టి దుప్పుల కోసం పొదలో కాపు కాసే వీలు పులికి లేదు. అయితే యంత్రం గంట మోగించినన్నాళ్లే ఒప్పందం. ఏ రోజైనా వంతులు పూర్తికాకుండా పొద్దు గుంకిందంటే ఆ క్షణం నుంచి ఎవరి పళ్లు వాళ్లవి, ఎవరి కాళ్లు వాళ్లవి.

ఆ కంప్యూటర్‌ని చూసుకునేది పరంజ్యోతి అనే నక్క. అడవిలో చదువుకున్నది అతనొక్కడే. ఎక్కడ చదువుకున్నాడని ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు.

కంప్యూటర్ అన్నాను గానీ అది అచ్చం కంప్యూటర్ కాదు. మడుగు గట్టునే ఉన్న ఏనుగుల గుహలో ఒక పెద్ద యంత్రం ఉంది. దాని కడుపులో నాలుగు ఉత్తుత్తి యంత్రాలు నడుస్తుంటాయి. వాటినే వర్చువల్ మెషీన్లంటారు. మన వంతుల కంప్యూటర్ వాటిలో ఒకటి. ప్రతిదీ తానే అసలు కంప్యూటర్ననుకుంటుంది, పాపం. దాని డిస్కూ ఉత్తుత్తిదే, నెట్‌వర్కూ ఉత్తుత్తిదే. ఆ డిస్కుతో మాట్లాడాలంటే దాని భాష తెలిసిన చిన్న ప్రోగ్రాము కావాలి. దాని పేరు డ్రైవర్. యంత్రం నిద్ర లేచేటప్పుడు అందరికన్నా ముందు లేచేది కెర్నల్. ఆ కెర్నల్‌ని మాత్రం గుహలోని పెద్ద యంత్రమే తెచ్చి చేతిలో పెడుతుంది, తక్కిన సరంజామా అంతా డిస్కులో ఉంటుంది. డ్రైవర్లని కెర్నల్‌లోనే కలిపి కట్టేయొచ్చు. లేదంటే మాడ్యూళ్లుగా విడివిడిగా చేసి డిస్కులో పెట్టుకుని, అవసరమైనప్పుడు తెప్పించుకోవచ్చు. ఈ రెండు పద్ధతుల దగ్గరే తగువంతా వచ్చింది.

పరంజ్యోతికి ముందు ఆ పని చేసింది వీరభద్రయ్య అనే ఎద్దు. ఆయన కట్టిన కెర్నల్‌లో లేని డ్రైవర్ లేదు. దాన్ని లేపితే, అది కళ్లు నులుముకుని లేచేలోగా వీరభద్రయ్య ఒక మోపు గడ్డి తిని నెమరు కూడా వేసేవాడు. ఒకరోజు పరంజ్యోతి ఆ జాబితా అంతా చదివి ఎద్దు దగ్గరికి వెళ్లాడు.

"మావయ్యా, ఇందులో ప్రింటర్ డ్రైవర్ ఎందుకు? మన అడవిలో ప్రింటర్ లేదుగా?"

"రేపొస్తే?"

"పాతకాలపు ఫ్లాపీ డిస్కు డ్రైవర్?"

"అది నేను పెట్టింది కాదు అల్లుడూ. నాకు ముందు పనిచేసిన గాడిద పెట్టిపోయాడు. తీస్తే ఏమవుతుందోనని ఉంచేశా."

"నీది కెర్నల్ కాదు మావయ్యా, పెళ్లివారి సామాను."

వీరభద్రయ్య కోపం తెచ్చుకోలేదు. బరువు మోసేది తనేనని, దారిలో ఏదో మర్చిపోయామని వెనక్కి తిరిగే పని మాత్రం ఉండదని అన్నాడు. నక్క ఒప్పుకోలేదు. నిజానికి నక్క మాటలోనూ న్యాయం ఉంది. అంతకు ముందు వారం నెట్‌వర్క్ డ్రైవర్‌లో చిన్న తప్పు దిద్దడానికి ఎద్దు కెర్నల్ మొత్తం మళ్లీ కట్టి, యంత్రం ఆపి, అడవిదున్నలని మిట్టమధ్యాహ్నం దాకా ఎండలో నిలబెట్టాడు. అదే మాడ్యూలైతే గంట ఆపకుండానే పాతది పీకి కొత్తది పెట్టేయొచ్చు. పరంజ్యోతి ఈ సంగతి బాగానే చెప్పాడు. అక్కడితో ఆగితే ఈ కథే లేదు.

"అన్నీ తీసేస్తున్నా మావయ్యా. ఒక్క డ్రైవర్ కూడా లోపల ఉండదు. నాజూగ్గా, ఈకలాగా ఉంటుంది చూడు."

"లేచేటప్పుడు కావలసిందైనా లోపల ఉంచు."

"కావలసింది అదే తెచ్చుకుంటుంది. మాడ్యూళ్లున్నది అందుకేగా?"

ఎద్దు కాసేపు నెమరేసి, "ఎక్కణ్ణించి తెచ్చుకుంటుంది?" అని అడిగాడు. అప్పటికే పరంజ్యోతి తోక ఎగరేసుకుంటూ సగం దారి వెళ్లిపోయాడు.

మూడు రోజులు కూర్చుని కెర్నల్‌ని చెక్కాడు. ఒక్కో డ్రైవర్ తీసేసినప్పుడల్లా తన తెలివికి తనే మురిసిపోయాడు. నడుస్తున్న యంత్రం మీదే మాడ్యూళ్లు పీకి చూశాడు, పెట్టి చూశాడు. అన్నీ చెప్పినట్టు విన్నాయి. ఆపి మళ్లీ లేపి చూడాలన్న ఆలోచన ఒకసారి వచ్చింది గానీ, అది వీరభద్రయ్య లాంటివాళ్లకి వచ్చే ఆలోచనని పక్కన పెట్టాడు. పాత కెర్నల్ ఉంటే కొత్తదాని అందం తెలియదని దాన్ని చెరిపేశాడు కూడా. ఆ పని చేసినప్పుడు తన మొహం ఎలా వెలిగిపోయిందో తర్వాత చాలా రోజులు గుర్తొచ్చి, ఒంటరిగా ఉన్నా సరే ముఖం కప్పుకునేవాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం అందర్నీ గట్టు మీదికి పిలిచాడు. అప్పటికి కుందేళ్లూ దున్నలూ తాగేశాయి. దుప్పులూ పులీ ఇంకా తాగలేదు. పాత యంత్రం లేవడానికి ఎంతసేపు పట్టేదో, కొత్తది ఎంత చటుక్కున లేస్తుందో పరంజ్యోతి వివరంగా ఉపన్యసించాడు. ఆ ఉపన్యాసానికి పట్టిన సమయంలో పాతది రెండుసార్లు లేచేది. తర్వాత యంత్రాన్ని ఆపి మళ్లీ లేపాడు.

అది నిజంగానే చటుక్కున లేచింది. లేచి, తెర మీద ఒక్క వాక్యం రాసి, అంతే చటుక్కున చచ్చిపోయింది: "డిస్కు కనబడలేదు. ఆగిపోతున్నాను."

పరంజ్యోతి మళ్లీ లేపాడు. మళ్లీ అదే వాక్యం. నాజూకైన యంత్రం కదా, కాస్త ఓపిక పట్టాలని అందరికీ చెప్పాడు. చటుక్కున లేస్తుందన్న నోటితోనే ఆ మాట అనాల్సి వచ్చింది. ఐదోసారి లేపాక అతనికి విషయం అర్థమైంది. పోనీ నెట్‌వర్క్ గుండా లోపలికి దూరి సరిచేద్దామా అంటే ఆ డ్రైవర్‌నీ తీసి డిస్కులోనే పెట్టాడు. ఆ పని ఎంత శ్రద్ధగా చేశాడో అతనికి బాగా గుర్తుంది.

పొద్దు వాలింది. దుప్పులు నాలుకలు బయట పెట్టుకుని నిలబడ్డాయి. వాటి పెద్ద, మంగతాయారు, నీళ్లకేసి చూడ్డం మానేసి పులికేసి చూస్తోంది. పులిని అందరూ పెద్దాయన అంటారు. పెద్దాయన ఒక బండ మీద కూర్చుని, నక్కకేసి గానీ దుప్పులకేసి గానీ చూడకుండా, దిగుతున్న సూర్యుడికేసి చూస్తున్నాడు.

పరంజ్యోతి మెల్లగా గంట తాడు దగ్గరికి వెళ్లాడు. రెండుసార్లు లాగితే దుప్పులు దిగి తాగేస్తాయి, తన పరువు దక్కుతుంది, తర్వాతి సంగతి తర్వాత చూసుకోవచ్చు. తాడు పట్టుకున్నాడు. అది చూసి దుప్పి పిల్లలు ఒక్కసారిగా చెవులు నిక్కబొడిచాయి. అప్పుడే పెద్దాయన కూడా తల తిప్పాడు. యంత్రం మోగించని గంటకి ఒప్పందం లేదన్న సంగతి పిల్లలకి తెలియదు, పెద్దాయనకి తెలుసు. పరంజ్యోతికి చెయ్యాడలేదు. సిగ్గన్నది అలవాటు లేనివాడికి ఆ వేళ నిజంగా సిగ్గేసింది. అంతకన్నా ఎక్కువ భయమేసింది, అదీ తన గురించి కాదు. తాడు వదిలేసి వచ్చి పెద్దాయన ముందు నిలబడ్డాడు.

"యంత్రం ఎందుకు లేవడం లేదు?" అన్నాడు పెద్దాయన.

"డిస్కు తెరుచుకోవడం లేదు దొరా."

"ఎందుకని?"

"దాన్ని తెరిచే డ్రైవర్ అందడం లేదు."

"పోయిందా?"

"లేదు దొరా. భద్రంగా ఉంది."

"ఎక్కడ?"

పరంజ్యోతి చుట్టూ చూశాడు. ఇంగ్లీషు ముక్కలు నాలుగు కలిపి చెబితే గండం గడుస్తుందేమోనని వెతుక్కున్నాడు. ఎప్పుడూ పిలవకుండానే వచ్చే ముక్కలు ఆ వేళ ఒక్కటీ రాలేదు.

"డిస్కులో" అన్నాడు.

ముందుగా మంగతాయారుకి అర్థమైంది. "అంటే డిస్కు తెరిస్తే గానీ డ్రైవర్ రాదు, డ్రైవర్ వస్తే గానీ డిస్కు తెరుచుకోదు. అంతేనా మరిదీ?"

"అంతే వదినా. మూడు రోజులు కష్టపడి చేశాను."

ప్రాణం మీదికొచ్చినా ఆవిడకి నవ్వాగలేదు. ఆవిడ నవ్వితే పిల్లలు నవ్వాయి, దున్నలు నవ్వాయి, చివరికి పరంజ్యోతికీ నవ్వొచ్చింది, ఏడుపుతో కలిసి. పెద్దాయన మాత్రం నవ్వలేదు. పొద్దు ఇంకా జానెడే ఉందన్నాడు.

అప్పుడు వెనక నుంచి వీరభద్రయ్య మెల్లగా నడుచుకుంటూ వచ్చాడు. మెడలోని పలుపుకి ఒక పెన్‌డ్రైవ్ కట్టుకుని ఉన్నాడు. అందులో తన పాత కెర్నల్ ఒకటి దాచుకున్నాడట, పారేయడానికి మనసొప్పక.

"ప్రింటర్ డ్రైవర్ కూడా ఉంటుంది అల్లుడూ. పర్లేదా?"

"ఉండనీ మావయ్యా. ఫ్లాపీ ఉన్నా కళ్లకద్దుకుంటా."

పెద్ద యంత్రం చేతికి ఆ కెర్నల్ ఇచ్చి లేపారు. అది తీరిగ్గా లేవడం మొదలుపెట్టింది. ముందు డిస్కు తెరిచింది. పరంజ్యోతి ఊపిరి పీల్చుకోబోయాడు. అది డిస్కు దగ్గర ఆగకుండా ప్రింటర్ కోసం వెతకడం మొదలుపెట్టింది. పొద్దు బెత్తెడైంది. ప్రింటర్ దొరక్కపోయేసరికి ఫ్లాపీ కోసం వెతకసాగింది. ఒకసారి వెతికి, లేదేమోనన్న అనుమానంతో మళ్లీ వెతికింది.

"లేని ఫ్లాపీ కోసం ఎంతసేపు వెతుకుతుంది వీరభద్రయ్యా?" అని అడిగాడు పెద్దాయన.

ఎద్దు తల దించుకున్నాడు. "తీసేయాల్సింది దొరా. భయపడ్డాను" అన్నాడు.

సూర్యుడు కొండని తాకబోతుండగా గంట రెండుసార్లు మోగింది. దుప్పులు ఒకదాని మీద ఒకటి పడుతూ దిగి తాగాయి. అవి గట్టెక్కి కనుమరుగయ్యాక ఐదు గంటలు మోగాయి. పెద్దాయన తాపీగా దిగి, తాగి, మూతి తుడుచుకుని, పొద్దు పూర్తిగా గుంకేలోపే పైకొచ్చాడు.

మర్నాడు నక్కా ఎద్దూ పక్కపక్కన కూర్చుని కొత్త కెర్నల్ కట్టారు. డిస్కు డ్రైవర్‌ని లోపల కలిపి కట్టారు. నెట్‌వర్కూ తక్కినవీ మాడ్యూళ్లుగా బయట పెట్టారు. ప్రింటర్‌కీ ఫ్లాపీకీ దండం పెట్టి పంపేశారు. పాతదాన్ని చెరపకుండా పక్కన ఉంచారు. ఆపి లేపి చూశారు, ఒకసారి కాదు, నాలుగుసార్లు.

అంతా అయ్యాక పెద్దాయన పరంజ్యోతిని పిలిచాడు. ఉద్యోగం పీకేస్తాడేమోనని నక్క బిక్కుబిక్కుమంటూ వెళ్లాడు. పెద్దాయన చాలా మర్యాదగా మాట్లాడాడు. ఇంత చదువుకున్నవాణ్ణి వదులుకునేది లేదని, కెర్నల్ ఎప్పుడు కావాలంటే అప్పుడు మార్చుకోవచ్చని చెప్పాడు.

"ఒక్కటే కోరిక. మార్చిన రోజు మాత్రం నీ వంతులో తాగకు. నా వంతులో నా పక్కన నిలబడి తాగు."

ఆ తర్వాత పరంజ్యోతి కెర్నల్ జోలికి వెళ్లింది ఒక్కసారే. ఆ రోజు యంత్రాన్ని ఆపబోయే ముందు ఏ డ్రైవర్ ఎక్కడుందో పదకొండుసార్లు చూసుకున్నాడు. పన్నెండోసారి వీరభద్రయ్యని చూడమన్నాడు. యంత్రం సజావుగా లేచింది. ఐదు గంటలు మోగాక వెళ్లి పెద్దాయన పక్కన నిలబడ్డాడు. నీళ్లలో రెండు మొహాలూ పక్కపక్కనే కనిపిస్తుంటే, గుక్క మింగడానికి అతనికి చాలాసేపు పట్టింది.

నీతి: తలుపు తీయడానికి కావలసినదాన్ని తలుపు అవతల దాచుకున్నవాడికి ఎంత తెలివున్నా, ఆ తెలివి కూడా అవతలే ఉండిపోతుంది.