భోజనాల వేళ వేసిన సినిమా

తన సినిమాని సరిగ్గా భోజనాల వేళకి పెట్టారని తెలిసేసరికి ధనుంజయకి ఒళ్లు మండిపోయింది.

మండదా మరి? రాజమండ్రిలో చిన్న సినిమాల పండగ. చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు ఎవరికి వారు సొంతంగా తీసుకున్న పొట్టి సినిమాలు, డాక్యుమెంటరీలు తెచ్చి గ్రంథాలయం మేడ మీద హాల్లో వేస్తున్నారు. పొద్దున కాలేజీ పిల్లలు తీసిన దెయ్యం కథకి ఈలలే ఈలలు. ఒకావిడ తన డాబా మీద వాలే పావురాల గురించి తీస్తే దానికీ చప్పట్లు మోగాయి. తీరా ధనుంజయ వంతు వచ్చేసరికి, కింద పులిహోర వడ్డిస్తున్నారని ఎవరో కేకేశారు. అంతే, హాలు ఖాళీ!

సినిమా పేరు ‘కూచిలంక పడవ’. గోదావరి మధ్యనున్న కూచిలంకకి వంతెన కడుతున్నారు. అది పూర్తయిన రోజున పడవ ఆగిపోతుంది. ఆ పడవనీ, దాన్ని నడిపే ముసలాయన్నీ పట్టుకుని ధనుంజయ ఎండనకా వాననకా తిరిగాడు. ఉద్యోగం మానేశాడు. ఇంట్లో చీవాట్లు తిన్నాడు. తణుకులో పెళ్లి వీడియోలు తీసే బావ చివరికి, "ఈ ఒక్కటీ వేసుకో. ఎవరూ చూడకపోతే సోమవారం నుంచి నా స్టూడియోకి వచ్చెయ్. మళ్లీ ఈ డాక్యుమెంటరీల ఊసెత్తకూడదు" అన్నాడు. ధనుంజయ సరేనన్నాడు. జనం విరగబడి చూస్తారన్న ధీమాతో అన్నాడు లెండి.

ఇప్పుడు చూస్తే వెనక వరసలో, ఫ్యాను కింద, ఒకే ఒక్కావిడ.

"ఆపేయండి మాస్టారూ" అన్నాడు ధనుంజయ. "సాయంత్రం జనం ఉన్నప్పుడు వేద్దాం."

మాస్టారంటే ఇమ్మానియేలు మాస్టారు. కెమెరా ఎలా పట్టుకోవాలన్న దగ్గర్నుంచి ధనుంజయకి అన్నీ నేర్పింది ఆయనే. ఏ పండగైనా ప్రొజెక్టరూ, సౌండూ ఇంకొకరి చేతికి ఇవ్వరు.

"సాయంత్రం వేరేవాళ్ల సినిమా ఉంది కదరా?"

"వాళ్లది ఇప్పుడు వేసేయండి."

అన్నాక తనకే సిగ్గేసింది. అయినా ఆ మాట వెనక్కి తీసుకోలేదు.

మాస్టారు కిటికీ తెరలు లాగి, దీపాలు ఆర్పి, "వచ్చినావిడ కూర్చునుంది కదా" అని మీట నొక్కారు.

తెర మీద తెల్లవారింది. మంచు. మంచులోంచి మెల్లగా పడవ ముక్కు. ఇంతలో హాలు అదిరేలా ధనుంజయ గొంతు: "అనాదిగా మానవ నాగరికత నదీ తీరాలలోనే వికసించినది..."

ఆ గొంతంటే అతనికి ఎంత మురిపెమో! వీధి చప్పుళ్లు పడకుండా దుప్పటి ముసుగేసుకుని, చెమటలు కక్కుతూ రికార్డు చేశాడు దాన్ని. సినిమా మొదలు నుంచి చివరిదాకా అది ఆగదు. పడవ ఎప్పటిది, వంతెనకి నిధులెలా వచ్చాయి, చూసేవాళ్లు ఎక్కడ బాధపడాలి, అన్నీ అదే చెప్పేస్తుంది.

ఆవిడ ఎలా వింటోందో చూద్దామని వెనక్కి తిరిగాడు. ఆవిడ గోడకి తల ఆనించి నిద్రపోతోంది. ఒళ్లో టిఫిన్ క్యారేజీ ఉంది. ఎదురుగా ఉన్న ఆసుపత్రిలో రోగి తాలూకు మనుషులకిచ్చే కార్డు మెడలో వేలాడుతోంది. సినిమా కోసం కాదు, ఫ్యాను గాలి కోసం వచ్చిందన్నమాట.

ధనుంజయకి ఏడుపొచ్చినంత పనైంది. ఉన్న ఒక్కరూ ఇలాగా! లేపుదామని రెండడుగులు వేశాడో లేదో, మాస్టారు అతని మణికట్టు పట్టుకున్నారు.

"ఎన్నాళ్లయిందో పాపం, కంటి మీద కునుకు పడి. లేపకురా."

అంతలో స్పీకర్లోంచి, "ఈ సందర్భంలో మనం గమనించవలసినది ఏమిటంటే..." అని గొంతు ఖంగుమంది. నిద్రలోనే ఆవిడ నుదురు ముడిపడింది. ఉలిక్కిపడి ఒత్తిగిలింది.

మాస్టారి దగ్గర ఒక పద్ధతి ఉంది. ఏ సినిమాకైనా మొదటి కాపీలో వ్యాఖ్యానం ఎడమ స్పీకర్లో, ఊరి చప్పుళ్లు కుడి స్పీకర్లో రావాలి. రెండూ వేరువేరుగా విని, సరేననుకున్నాకే కలపనిచ్చేవారు. మాస్టారికి చూపిస్తే ఎక్కడ కత్తిరించమంటారోనని, ధనుంజయ ఆ మొదటి కాపీనే హడావుడిగా పండగకి పంపేశాడు.

మాస్టారు చెయ్యి చాచి ఎడమవైపు మీటని కిందికంటా దించేశారు. ధనుంజయ గొంతు ఠక్కున పోయింది.

"మాస్టారూ! అది నా..."

"గట్టిగా మాట్లాడకు. లేస్తుంది."

చేసేదేం లేక ధనుంజయ ఆ వెనక వరసలోనే కూలబడ్డాడు.

పడవ తోసే గెడ నీళ్లలో దిగిన చప్పుడు. పైకి తీస్తే బొట్లు రాలిన చప్పుడు. ముసలాయన దగ్గు. ఎవరిదో మేకపిల్ల అరిచింది. తర్వాత చాలాసేపు ఒట్టి నీళ్లే, పడవ పక్కని మెల్లగా తడుతూ. ఇవన్నీ ఇంతకాలం తన సినిమాలోనే ఉన్నాయా! ఒక్కో షాటూ కంఠతా వచ్చినవాడు, ఇప్పుడు తర్వాత ఏమొస్తుందో తెలియకుండా చూస్తున్నాడు. తెర మీది నీటి వెలుగు హాలు కప్పు మీద, ఖాళీ కుర్చీల మీద, ఆవిడ మొహం మీద కదులుతోంది. ఉండుండి హాలే ఒడ్డు వదిలి కదిలినట్టనిపించింది. కోపం ఎప్పుడు పోయిందో అతనికి తెలియలేదు.

ఆవిడ చెయ్యి క్యారేజీ మీంచి జారి కుర్చీ పక్కన వేలాడింది. వేళ్లు మెల్లగా, నీళ్లని దువ్వుతున్నట్టు ఆడుతున్నాయి.

సినిమా అయిపోయింది. మాస్టారు వెంటనే దీపాలు వెయ్యలేదు. ఒక కిటికీ తెర మాత్రం కొంచెం జరిపారు. ఆ వెలుతురుకి ఆవిడ కళ్లు తెరిచింది.

"అయ్యో, నిద్దర పట్టేసిందండీ. ఏవీ అనుకోకండి" అంది గాభరాగా. తర్వాత తన అరచెయ్యి వంక చూసుకుంది, తడిగా ఉందేమోనన్నట్టు. "కలొచ్చిందండి. మా నాన్న పడవ మీద తీసుకెళ్తన్నాడు. పోయి చాన్నాళ్లయిందండి ఆయన. ఒక్క ముక్క మాటాళ్లేదు, దగ్గుతా ఉన్నాడంతే. మా ఆయనకి ఒంట్లో బాగోలేదని చెప్పుకుని ఏడిచాను. గెడ పక్కనెట్టి నా తల మీద చెయ్యేశాడండి."

కళ్లు తుడుచుకుని నవ్వింది. "ఆసుపత్రిలో అందరి ముందూ ఏడవలేం కదండీ. ఇప్పుడు కొంచెం తేలిగ్గా ఉంది."

అంతలోనే, మొగుడికి అన్నం వేళ దాటిపోతోందని క్యారేజీ పట్టుకుని గబగబా మెట్లు దిగి వెళ్లిపోయింది.

జేబులో ఫోను మోగింది. బావ.

"ఏవోయ్, ఎంతమంది చూశారు?"

"ఎవరూ చూళ్లేదు బావా" అన్నాడు ధనుంజయ. "అయినా నేను రాను."

అవతల బావ ఏదో అంటూనే ఉన్నాడు. ధనుంజయ పెట్టేశాడు. ఎందుకలా అన్నాడో అతనికే తెలియదు. మెట్ల వైపే చూస్తూ, "చూళ్లేదు కదా మాస్టారూ ఆవిడ?" అన్నాడు, మరేదో అడుగుతున్నట్టుగా.

మాస్టారు తీగలు చుట్టుకుంటున్నారు.

"చూళ్లేదురా" అన్నారు. "పడవెక్కి వెళ్లొచ్చింది."