నక్క చెప్పిన చిరుతపులి

దిబ్బలపాలెం ఒకప్పుడు ఇటుకల బట్టీ. మట్టి అయిపోయిందని మనుషులు వదిలేసి వెళ్ళాక జంతువులు వచ్చి సర్దుకున్నాయి. మట్టి తవ్విన గుంటల్లో నీళ్ళు నిలిస్తే బాతులు దిగాయి. ఇటుకల గూళ్ళలో కోళ్ళు, కూలీల పాకల్లో మేకలు, గాడిదలు కాపురాలు పెట్టాయి. పొగగొట్టం కింద గది చల్లగా ఉందని దాన్ని పోలీసు ఠాణా చేశారు. దాని ముందు పొడుగాటి అరుగు ఒకటి ఉంది. ఆ అరుగు మీద ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు. కూర్చుంటే లోపల్నుంచి ఎస్సైగారు చూసేవారు. ఆయన చూశారంటే ఏ తప్పూ చెయ్యనివాళ్ళకి కూడా ఏదో చేసినట్టే అనిపించేది.

ఎస్సై గవరయ్య దున్నపోతు. మంచివాడు. పక్కవాళ్ళ గడ్డిపరక ముట్టి ఎరగడు. అయితే ఆయన నోరు నెమరు వెయ్యడానికి తప్ప మరో పనికి తెరుచుకునేది కాదు. ఎవరేం అడిగినా "దర్యాప్తులో ఉంది" అనేవాడు. బాతుపిల్ల తప్పిపోయిందేమో అంటే దర్యాప్తులో ఉంది. దొరికిందటగా అన్నా దర్యాప్తులోనే ఉంది. కానిస్టేబుల్ ముంగిస, పేరు నాగరత్నం, అంతకంటే గట్టిది. "ఠాణా మాట గడప దాటకూడదు" అని గడప మీదే పడుకునేది.

ఠాణా చెప్పని మాటలన్నీ చెప్పడానికి ఊళ్ళో ఒకడున్నాడు. వాడు నక్క, సింహాచలం.

సింహాచలం ఎప్పుడూ గట్టిగా మాట్లాడడు. పక్కన చేరి, అటూ ఇటూ చూసి, "నేను చెప్పానని అనకండి, ఠాణాలో అనుకుంటుంటే విన్నాను" అని మొదలెడతాడు. ఆ మాట చాలు, కోడిపెట్ట బంగారమ్మ పొదుగుతున్న గుడ్ల మీంచి లేచి వచ్చేది.

"ఏమనుకుంటున్నారు నాయనా?"

"గొంతు తడారిపోతోంది బంగారమ్మత్తా. ఏదైనా కాస్త మెత్తగా లోపలికి పడితే గానీ మాట పెగలదు."

బంగారమ్మ ఒక గుడ్డు తెచ్చి ముందు పెట్టేది. సింహాచలం దాన్ని మింగి, మీసాలు తుడుచుకుని, అప్పటికప్పుడు తోచింది చెప్పేవాడు.

ఒక ఆదివారం సంత బాగా సాగుతోంది. బంగారమ్మ గుడ్ల గంపతో, పిల్లి ఎండుచేపల దండతో, కుందేళ్ళు చిలగడదుంపలతో కూర్చున్నాయి. సింహాచలం రొప్పుతూ వచ్చాడు.

"నేను చెప్పానని అనకండి. తోడేళ్ళ గుంపు కాలవ దాటింది. ఠాణా వాళ్ళకి పొద్దున్నే తెలుసట. జనం కంగారు పడతారని చెప్పలేదట."

ఎవరూ ఠాణాకి వెళ్ళి అడగలేదు. అడిగినా ఏం చెప్తారో అందరికీ తెలుసు. సరుకు ఎక్కడిది అక్కడ వదిలేసి ఇళ్ళలో దూరి తలుపులు బిగించుకున్నారు. తీరా ఎండ వాలాక వచ్చి చూస్తే తోడేళ్ళ జాడ లేదు, గుడ్లు లేవు, చేపల దండ లేదు, దుంపలు సగానికి సగం లేవు.

బంగారమ్మ ఏడుస్తూ ఠాణాకి వెళ్ళింది. గవరయ్య శ్రద్ధగా అంతా విన్నాడు. తర్వాత "దర్యాప్తులో ఉంది" అన్నాడు.

మర్నాటి నుంచి ఊరు ఊరంతా సింహాచలం చుట్టూ చేరింది. "ఎవరై ఉంటారు బావా?" అని గాడిద అప్పలస్వామి అడిగాడు.

"నాకెందుకులే అప్పలస్వామీ. ఊళ్ళోకి కొత్తగా వచ్చినవాళ్ళెవరో, దుంపలంటే ప్రాణం పెట్టేవాళ్ళెవరో మీకే తెలియాలి."

కొత్తగా వచ్చింది ముళ్ళపంది సుకుమారి. మొన్న వానల్లో ఇద్దరు పిల్లల్ని వెంటేసుకుని వచ్చి బట్టీ వెనక పాడుపడ్డ పాకలో చేరింది. మాట తక్కువ. నడుస్తుంటే ముళ్ళు గలగలమంటాయి గనక ఆ చప్పుడే ఎవరికీ నచ్చేది కాదు.

ఇక ఆలస్యం చెయ్యలేదు. అప్పలస్వామి ముందు, బంగారమ్మ పక్కన, మేకలూ కుందేళ్ళూ వెనక, అందరూ సుకుమారి పాక ముందు చేరారు.

"సరుకు బయట పెట్టి ఊరొదిలి పో" అన్నాడు అప్పలస్వామి.

"నేను ఆ రోజు సంతకే రాలేదు బాబూ. మా చిన్నాడితో ఠాణాలో ఉన్నాను" అంది సుకుమారి.

వెనక నుంచి సింహాచలం మెల్లగా అన్నాడు. "విన్నారా, ఠాణాలో పెట్టారట. ఊరికే పెడతారా?"

అందరికీ సబబుగానే తోచింది. మేకలు కొమ్ములు వంచాయి. సుకుమారి పిల్లల్ని కడుపు కిందికి లాక్కుని, ముళ్ళు నిక్కబొడుచుకుని కదలకుండా కూర్చుంది. ముళ్ళ కింద నుంచి చిన్నాడి ఏడుపు వినిపిస్తోంది.

గవరయ్య అప్పుడు వచ్చాడు. ఆయన నడిచి వస్తే గుంపు దానంతటదే చీలిపోతుంది. సుకుమారి ముందు నిలబడి గుంపుకి తన వీపు చూపించాడు. ఆయన వీపు మీద రెండు ముళ్ళు ఇంకా దిగబడే ఉన్నాయి.

"ఆ రోజు సంత వేళకి ఈవిడ చిన్నాడు నీళ్ళగుంటలో పడ్డాడు. వీపు మీద ఎక్కించుకుని ఠాణాకి తెచ్చాను. వాడి ఒళ్ళు ఆరేదాకా ఈవిడ అక్కడే ఉంది. వాణ్ణి తెచ్చినందుకు నాకు మిగిలినవి ఇవి."

మేకలు వంచిన కొమ్ములు పైకెత్తాయి.

"మీకు దురద జబ్బు పట్టుకుందనీ, అందుకే గోడకి వీపు రాసుకుంటున్నారనీ సింహాచలం చెప్పాడు" అంది బంగారమ్మ.

"మరి ఈ మాట ముందే చెప్పొచ్చు కదండీ. మేం అడిగాంగా" అన్నాడు అప్పలస్వామి.

సుకుమారి తల పైకెత్తి గవరయ్య వైపు చూసింది. "వాళ్ళదేముంది బాబూ. మీకు తెలుసు. మీరు ఒక్క మాట అని ఉంటే నా పిల్లలు ఇలా వణికేవాళ్ళు కారు" అంది. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే ఆయనకి కాస్త తేలిగ్గా ఉండేది.

ఆ పూట గవరయ్య నెమరు వెయ్యలేకపోయాడు. నాగరత్నాన్ని పిలిచి, రేపట్నుంచి రోజూ పొద్దున్నే ఊరందరినీ అరుగు మీద కూర్చోబెట్టి మాట్లాడతానన్నాడు.

"ఏం మాట్లాడతారండీ?"

"తెలిసింది తెలిసినట్టు, తెలియంది తెలియదనీ."

నాగరత్నానికి తోక కుచ్చులా లేచింది. "మనకి తెలియదని మనమే చెప్తే పరువేం ఉంటుందండీ?"

"ఇప్పుడు మాత్రం ఏముందే? జనం నా వీపు గురించి నక్కని అడుగుతున్నారు."

మర్నాడు అప్పలస్వామి ఓండ్ర పెడితే ఊరంతా వచ్చింది. మొదట్లో అరుగెక్కడానికి భయపడ్డారు. బాతులు ఎక్కి కూర్చున్నాక మిగతావాళ్ళూ ఎక్కారు. సింహాచలం ముందు వరసలో కూర్చుని అందరికంటే ముందే తలాడించడం మొదలెట్టాడు.

"సంతలో సరుకు పోయింది. దొంగ ఎవరో నాకు తెలియదు" అన్నాడు గవరయ్య.

"ఎస్సైగారికి తెలియదా?" అని ఒక ముసలి మేక నోరు తెరిచింది. నాగరత్నం సిగ్గుతో గోడ వైపు తిరిగింది.

"తెలియదు. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. ఎవరైనా ఏదైనా చూశారా?"

ఆ రోజు ఒకరి తర్వాత ఒకరు చాలా చెప్పారు గానీ దొంగ గురించి ఎవరూ చెప్పలేదు. బాతుల ఇంటి ముందు మేకలు చేసే పనుల గురించి చెప్పారు. తెల్లారకుండానే అప్పలస్వామి ఎత్తుకునే రాగాల గురించి చెప్పారు. తాను సాధకం చేస్తున్నానని అప్పలస్వామి చెప్పుకున్నాడు. గవరయ్య అన్నీ ఓపిగ్గా విన్నాడు. ఆఖరున ఒక్క మాట అన్నాడు. "ఇకమీదట భయపెట్టే కబురు ఏది విన్నా ఇంట్లో దూరకండి, ఇంకొకళ్ళ ఇంటి మీదికీ పోకండి. తిన్నగా ఈ అరుగు దగ్గరికి రండి. అడగండి. తెలిస్తే చెప్తాను. తెలియకపోతే అందరం కలిసి కనుక్కుందాం."

సింహాచలం చెయ్యెత్తాడు. "అంతా బాగుంది సార్. మరి ఇలా అందరిలో చెప్పేస్తే, ఖర్మ కాలి దొంగ కూడా ఇక్కడే కూర్చుని ఉంటే?"

"విననీ. వాడొక్కడు వింటాడని ఇంతమందికి చెప్పకుండా ఉంటానా?"

అలా రోజూ జరిగింది. ఎవరి మేకపిల్ల తప్పిపోయిందో, ఎక్కడ దొరికిందో, ఏ గుంట గట్టు మెత్తబడిందో గవరయ్య చెప్తున్నాడు. ఊళ్ళోవాళ్ళు తాము చూసింది చెప్తున్నారు. నాగరత్నం కూడా రుచి మరిగింది. గవరయ్య మర్చిపోయినవి వెనక నుంచి అందిస్తోంది. అందరికంటే ఎక్కువ నష్టపోయింది సింహాచలమే. "ఠాణాలో అనుకుంటుంటే విన్నాను" అంటే, "అది పొద్దున్నే మాకూ చెప్పారులే" అని బంగారమ్మ గుడ్ల మీంచి లేవడం మానేసింది. గొంతు ఎంత తడారినా పట్టించుకునేవాళ్ళు లేరు. నక్క డొక్కలు బయటపడ్డాయి.

అలాంటి రోజుల్లో ఒక ఆదివారం పొద్దున గవరయ్య అరుగు మీద చెప్పాడు. "కాలవ గట్టున బాతులకీ కొంగలకీ చేపల దగ్గర తగువొచ్చింది. నేనూ నాగరత్నమూ వెళ్తున్నాం. మధ్యాహ్నానికి వచ్చేస్తాం. అందాకా ఠాణాలో ఎవరూ ఉండరు."

సింహాచలానికి పండగే అయింది. ఇంత చక్కగా అడ్రసు చెప్పి మరీ వెళ్ళే పోలీసులు ఎక్కడ దొరుకుతారని నవ్వుకున్నాడు.

సంత నిండగానే పరుగెత్తుకొచ్చాడు. "చిరుతపులి. బట్టీ వెనక పొదల్లో ఉంది. ఎస్సైగారే చెప్పి రమ్మన్నారు. ఇళ్ళలోకి పోయి తలుపులేసుకోండి, చప్పుడు చెయ్యకండి."

అందరూ పరుగు అందుకున్నారు. సంత క్షణంలో ఖాళీ అయింది. సింహాచలం కళ్ళు మూసుకుని దేవుడికి దండం పెట్టుకుని, బంగారమ్మ గంప దగ్గర కూర్చున్నాడు.

వాడికి తెలియంది ఏమిటంటే, ఈసారి ఎవరూ ఇంటికి పరుగెత్తలేదు. అరుగు దగ్గరికి పరుగెత్తారు.

అక్కడ ఎవరూ లేరు. మేకలు వణుకుతూ ఒకదాన్నొకటి ఒరుసుకుని నిలబడ్డాయి. ఎవరో ఒకరు ఏదో ఒకటి చెయ్యాలని అప్పలస్వామి అరుగెక్కాడు. రోజూ గవరయ్య అడిగేదే అడిగాడు.

"చిరుతని ఎవరు చూశారు?"

ఎవరూ చూడలేదు.

"ఎవరు చెప్పారు?"

"సింహాచలం."

"సింహాచలానికి ఎవరు చెప్పారు?"

"ఎస్సైగారు చెప్పారన్నాడు" అంది బంగారమ్మ. అంతలోనే ఆగింది. "ఎస్సైగారు పొద్దుననగా కాలవకి పోయారు. అక్కడున్నాయన బట్టీ వెనక చిరుతని ఎలా చూశారు?"

"ఏమో, దారిలో కనిపించిందేమో" అన్నాడు అప్పలస్వామి. "ఏ పొదో, ఎటు పోతోందో సరిగ్గా తెలుసుకోవాలి. సింహాచలాన్నే పిలుచుకొచ్చి ఇక్కడ నిలబెడదాం. అయినా పాపం ఒక్కడూ అక్కడే ఉండిపోయాడు. చిరుత వాడి మీద పడితే?"

ముందు నడవడానికి అందరూ వెనకాడారు. సుకుమారి పిల్లల్ని బంగారమ్మకి అప్పగించి, "నన్ను నోట పెట్టుకోవాలంటే చిరుతయినా ఆలోచిస్తుంది" అని గలగలమంటూ ముందు నడిచింది. ఆ చప్పుడు వెంటే ఊరంతా కదిలింది.

సంతలో చిరుత లేదు. సింహాచలం ఉన్నాడు. మెడలో ఎండుచేపల దండ. రెండు బుగ్గల్లో రెండు గుడ్లు. ముందు కాళ్ళ మధ్య చిలగడదుంపల గోనె. ఊరందరినీ ఒక్కసారి చూసేసరికి కదలడం మర్చిపోయాడు.

"చిరుత ఎటు పోయింది బావా?" అని అప్పలస్వామి ఆత్రంగా అడిగాడు. పాపం వాడికి ఇంకా అర్థం కాలేదు.

"ఊఁ" అన్నాడు సింహాచలం, గడ్డంతో తూర్పు చూపిస్తూ.

"నోట్లో ఏమిటది?"

మింగకపోతే మాట రాదు. మింగితే అందరూ చూస్తున్నారు. సింహాచలం కళ్ళ నీళ్ళు పెట్టుకుని గుడ్లు రెండూ జాగ్రత్తగా గంపలోకి దించాడు. "చిరుత ఎత్తుకుపోతుందని భద్రం చేస్తున్నాను" అన్నాడు.

"నోట్లోనా?" అంది బంగారమ్మ.

"పగలకుండా ఉంటాయనత్తా."

"మరి మెడలో చేపలు?"

"వాసనకి చిరుత ఇటు రాకుండా."

పిల్లి దగ్గరికి వచ్చి తన చేపల దండ తాను తీసుకుంది. తోడేళ్ళు వచ్చాయన్న రోజు కూడా సరుకు ఇలాగే భద్రం చేశావా అని ముసలి మేక అడిగింది. అప్పుడు గానీ అప్పలస్వామికి వెలగలేదు. వెలిగాక వాడు పెట్టిన ఓండ్ర కాలవ గట్టు దాకా వినిపించింది.

గవరయ్యా నాగరత్నమూ పరుగున వచ్చేసరికి సింహాచలం చుట్టూ ఊరు కూర్చుని ఉంది. సుకుమారి వాడికి ఎదురుగా, వాడు ఎటు కదిలితే అటు ముళ్ళు తిప్పుతూ ఉంది. జరిగిందంతా ఒకరి మాట ఒకరు అందుకుంటూ చెప్పారు.

సింహాచలం గవరయ్య వైపు తిరిగాడు. "ఇది న్యాయం కాదు సార్. ఇదివరకు మీరు నోరు మూసుకుని ఉన్నప్పుడు ఊళ్ళో నాకో మర్యాద ఉండేది. అన్నీ మీరే చెప్పేస్తుంటే నాలాంటివాడు ఎలా బతకాలి?"

"నీ మర్యాదంతా నేనే పోషించానన్నమాట" అన్నాడు గవరయ్య. నవ్వుదామనుకున్నాడు గానీ నవ్వు రాలేదు.

మర్నాడు అరుగు మీద మొత్తం మళ్ళీ చెప్పాడు. దొంగ ఎవరో చెప్పాడు. సుకుమారి సంగతి తనకి ముందే తెలిసీ చెప్పకపోవడం తన తప్పని కూడా అందరి ముందూ చెప్పాడు. బంగారమ్మ లేచి, ఏం అనాలో తోచక, సుకుమారి పక్కన వెళ్ళి కూర్చుంది. ముళ్ళు గుచ్చుకున్నా జరగలేదు. తిన్న సరుకు బాకీ తీరేదాకా సంతకి గంపలు మోసే పని సింహాచలానికి పడింది. మూతికి చిక్కం కట్టి మరీ మోయించారు. మోస్తూ మోస్తూ ఒకసారి కుందేలుతో, చిక్కంలోంచే, "నేను చెప్పానని అనకు" అని మొదలెట్టాడు. కుందేలు సాంతం వినకుండా అరుగు దగ్గరికి వెళ్ళి అడిగి వచ్చింది.

ఊరికి నిజం చెప్పకుండా దాచే ఠాణా, అబద్ధం అమ్ముకునేవాడికి తానే అంగడి పెట్టించి ఇస్తుంది.